పరుగు పరీక్షకు సిద్ధమవుతున్నాను: సరైన స్పోర్ట్స్ బ్రాను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: తనయాతీరం, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటాను. వయస్సు 22 సంవత్సరాలు. కేంద్ర సాయుధ దళాల్లో జనరల్ డ్యూటీ కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాను. ఆ నియామకంలో మహిళా అభ్యర్థులు 1.6 కిలోమీటర్ల దూరాన్ని ఎనిమిదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. నాకు ఊపిరి బాగానే అందుతోంది, కాళ్లలో బలం ఉంది. అయినా రెండో చుట్టు దాటేసరికి రొమ్ముల కదలిక వల్ల నొప్పి మొదలై వేగం పడిపోతోంది. సాధన చేయించే మాస్టారు గారు, నేను చేతులు ఊపకుండా మోచేతులను ఛాతీకి అదిమిపెట్టి పరుగెత్తుతున్నానని గమనించి, ఆ అలవాటు మార్చుకోమన్నారు. అలా ఎందుకు చేస్తున్నానో ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ప్రస్తుతం రోజూ వాడే 36 బి సైజు నూలు బ్రాతోనే పరుగెత్తుతున్నాను. స్పోర్ట్స్ బ్రా అని చెప్పి బజారులో ఇచ్చిన మీడియం సైజు ఒకటి కూడా నా దగ్గర ఉంది. అది తల మీదుగా వేసుకునే రకం. ఛాతీని నొక్కిపెట్టి ఊపిరి తీసుకోనివ్వదు. అంత బిగుతుగా ఉన్నా కదలికను మాత్రం పెద్దగా ఆపదు. పైగా రొమ్ముల కింద ఎర్రటి చార పడి, చెమట తగిలితే మండుతోంది. మా ఊళ్లోనైనా, సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లినా, దుకాణాల్లో అమ్మేవారు ఎక్కువగా మగవారే. కొలత అడగరు, మనిషిని ఒకసారి చూసి ఒక పెట్టె చేతిలో పెడతారు, వేసుకుని చూసే వీలుండదు. ఆన్‌లైన్‌లో వందల రకాలు కనిపిస్తున్నాయి గాని, ధరలో తప్ప వాటి మధ్య తేడా ఎక్కడుందో నాకు అర్థం కావడం లేదు.

కొలత ఎలా తీసుకోవాలో, పరుగుకు ఏ రకం తగినదో, వేసుకున్న తరువాత అది పనికివస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలో తెలిసినవారు దయచేసి వివరించండి. బిగుతైన బ్రాలు వేసుకుంటే రొమ్ములో గడ్డలు వస్తాయని మా అమ్మ భయపడుతోంది. అందులో నిజమెంతో కూడా చెప్పగలరు. బరువు తగ్గమనే సలహా మాత్రం వద్దు, అది ఇప్పటికే చాలామంది ఇచ్చారు.

జవాబు: ఆటల టీచరు, గుణుపురం

చెల్లెమ్మా, మీ మాస్టారు గారు గమనించింది నిజమే గాని, నొప్పి తగ్గకుండా చేతుల ఊపు మారమంటే మారదు. నేను డిగ్రీ విద్యార్థినులకు ఖోఖో, కబడ్డీ నేర్పుతాను. ఛాతీ దగ్గరకు మోచేతులు తెచ్చుకుని పరుగెత్తే అమ్మాయి కనిపిస్తే నేను ముందుగా అడిగేది బ్రా గురించే.

రొమ్ములో కండరం ఉండదు. కండరం దాని వెనుక, పక్కటెముకల మీద ఉంటుంది. రొమ్మును పట్టి ఉంచేవి పైనున్న చర్మమూ, లోపల కొవ్వు మధ్య అల్లుకుని ఉన్న సన్నని తంతువులూ మాత్రమే. 19వ శతాబ్దంలో వాటిని వర్ణించిన ఆంగ్ల శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ పేరు మీద వాటిని కూపర్ లిగమెంట్లు అంటారు. కాబట్టి దండీలు తీసినా, బరువులెత్తినా వెనుకనున్న కండరం గట్టిపడుతుందే తప్ప రొమ్ము కదలిక ఆగదు. ఆసరా బయటి నుంచే రావాలి. ఆ కదలిక కూడా కేవలం పైకీ కిందికీ ఉండదు, పక్కలకూ ముందువెనుకలకూ కూడా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీద చాలా కాలంగా పరిశోధన జరుగుతోంది. ఆసరా లేకుండా పరుగెత్తినప్పుడు కదలిక 15 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చని అక్కడి పరిశోధకులు చెబుతారు. లండన్ మారథాన్‌లో పరుగెత్తిన మహిళలను అడిగి చేసిన అధ్యయనంలో దాదాపు మూడో వంతు మంది తమకు రొమ్ము నొప్పి ఉందని చెప్పారు. మీ దూరాన్నే తీసుకుందాం. అడుగుకు మీటరు చొప్పున లెక్కవేసినా అది 1600 అడుగులు, అంటే 1600 కుదుపులు. నూలు బ్రా వాటిని ఆపలేదు. అది అందుకోసం కుట్టినది కాదు.

స్పోర్ట్స్ బ్రాలు పనిచేసే తీరును బట్టి రెండు రకాలు. మొదటిది రెండు రొమ్ములనూ కలిపి ఛాతీకి అదిమిపెట్టేది. మీ దగ్గరున్నది అదే. నడకకు, యోగాకు, చిన్న రొమ్ములున్నవారి పరుగుకు అది చాలు. రొమ్ములు కొంచెం పెద్దవైతే రెండూ ఒకే ముద్దగా కదులుతాయి; అప్పుడు ఎంత బిగించినా బాధపడేది ఊపిరే. రెండవది లోపల రెండు కప్పులు వేరువేరుగా కుట్టి, ఒక్కొక్క రొమ్మునూ విడిగా పట్టుకునేది. పక్కలకు కదలకుండా ఆపగలిగేది ఈ రకమే. ఈ రెండు పద్ధతులనూ కలిపి, లోపల కప్పులు, వాటిపై అదిమే బట్ట ఉన్నవి కూడా దొరుకుతాయి. మీరు చెప్పినదాన్ని బట్టి పరుగుకు మీకు కావలసింది ఇటువంటిది. పెట్టె మీద హై ఇంపాక్ట్, అంటే కుదుపు ఎక్కువగా ఉండే ఆటలకు, అని రాసి ఉన్నవాటిలోనే వెతకండి. అయితే ఆ మాటకు కంపెనీలన్నిటికీ ఉమ్మడి ప్రమాణం ఏదీ లేదు గనుక, దానిని నమ్మి డబ్బు చెల్లించవద్దు. లోపల పెట్టి తీసే స్పాంజి ప్యాడ్లను చూసి కప్పులున్నాయని భ్రమపడేవారు చాలామంది ఉన్నారు. అవి బయటికి ఆకారం కనిపించకుండా ఉండటానికే. ఆసరా ఇవ్వవు, రెండు ఉతుకులకే మడతపడి ఒక పక్కకు చేరతాయి.

ఈ వస్తువు పుట్టిందే మీలాంటి ఒకరి ఇబ్బంది నుంచి. 1977లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో లీసా లిండాల్ అనే ఆమె పరుగెత్తేటప్పుడు మామూలు బ్రా నిలవక విసిగిపోయింది. పాలీ స్మిత్, హిందా మిల్లర్ అనే మరో ఇద్దరితో కలిసి, మగవారు ఆటల్లో వేసుకునే లంగోటీ వంటి రెండు జాక్‌స్ట్రాపులను కలిపి కుట్టి మొదటి నమూనా తయారు చేసింది. భుజాల మీద నుంచి జారని స్ట్రాపులు, చర్మాన్ని ఒరుసుకోని కుట్లు ఆ రోజు వారు కోరుకున్నవి. కొనేటప్పుడు ఇప్పటికీ వాటిని తప్పక చూడాలి. బ్రాను తిరగేసి కుట్ల మీద వేలు పోనివ్వండి. వేలికి గరుకుగా తగిలినది మూడో చుట్టులో చర్మాన్ని కోస్తుంది.

వేసుకున్న తరువాత పరీక్షించడం సులభం. గదిలో తలుపు వేసుకుని, అద్దం ముందు నిలబడిన చోటనే పరుగెత్తినట్లు ఒక నిమిషం పాటు అడుగులు వేయండి, ఆ తరువాత ఎగరండి. రొమ్ములు శరీరంతో పాటు ఒకేసారి పైకి లేచి ఒకేసారి కిందికి రావాలి; శరీరం దిగిన తరువాత అవి వేరుగా దిగుతున్నట్లు అనిపిస్తే ఆ బ్రా పరుగుకు చాలదు. రెండు చేతులూ పైకెత్తినప్పుడు కింది పట్టీ లేచి రొమ్ము మీదికి ఎక్కకూడదు. ఊపిరి నిండుగా పీల్చినప్పుడు పక్కటెముకలు విచ్చుకోవడానికి చోటుండాలి. బిగుతు తెలియాలి గాని నొప్పి ఉండకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా, ఎంత ఖరీదైనదైనా సరే వెనక్కి ఇచ్చేయండి.

జవాబు: లేడీస్ కార్నర్ అక్క, బరంపురం

అమ్మా, నేను బరంపురంలో లోదుస్తుల దుకాణం నడుపుతున్నాను. తెలుగువారూ ఒడియావారూ అందరూ వస్తారు. వచ్చినవారిలో చాలామందికి తమ కొలత తెలియదు, ఎప్పుడో ఎవరో చెప్పిన సైజునే ఏళ్ల తరబడి అడుగుతుంటారు. టీచరు గారు రకం గురించి చెప్పారు గనుక నేను కొలత గురించే చెబుతాను. నా ఉద్దేశంలో రకం తప్పినా సర్దుకోవచ్చు గాని, కింది పట్టీ తప్పితే ఏ బ్రా అయినా దండగే.

బ్రాలో బరువు మోసేది స్ట్రాపులని అందరూ అనుకుంటారు. నీళ్ల బిందెను చంకన పెట్టుకుని మోయడానికీ, చేత్తో వేలాడదీసి మోయడానికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి. రొమ్ముల కింద పక్కటెముకలను చుట్టుకుని ఉండే పట్టీ బరువు మోస్తే భుజాలకు పని తక్కువ; పట్టీ వదులైతే బరువంతా స్ట్రాపుల మీద పడి, భుజాల మీద గాడులు పడతాయి, మెడ లాగుతుంది. అద్దంలో వీపు వైపు చూసుకున్నప్పుడు పట్టీ ముందు భాగం కన్నా పైకి ఎక్కి ఉంటే అది వదులైనదని అర్థం. చుట్టూ ఒకే ఎత్తున, నేలకు సమాంతరంగా ఉండాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు.

కొలతకు దర్జీవాళ్ల టేపు చాలు. పలుచని బనియను మీదనో, ఏమీ లేకుండానో నిలబడి, రొమ్ముల కింద పక్కటెముకల చుట్టూ టేపును బిగుతుగా, వంకర లేకుండా చుట్టి, ఊపిరి వదిలిన తరువాత అంకె చూసుకోండి. అది కింది కొలత. తరువాత ప్యాడ్ లేని పలుచని బ్రా వేసుకుని, రొమ్ములు అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న చోట టేపును వదులుగా, నొక్కకుండా చుట్టి రెండో అంకె తీసుకోండి. కింది కొలతకు దగ్గరగా ఉన్న సరిసంఖ్య పట్టీ సైజు అవుతుంది; బేసిసంఖ్య వస్తే దానికి పై సరిసంఖ్య తీసుకోండి. పై కొలతకూ ఆ పట్టీ సైజుకూ మధ్య తేడా ఒక అంగుళమైతే ఏ కప్పు, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి.

ఇక్కడే రెండు చోట్ల జాగ్రత్త అవసరం. కింది కొలతకు నాలుగైదు అంగుళాలు కలిపి సైజు చెప్పే పాత పద్ధతి మన దేశంలో ఇంకా చాలా దుకాణాల్లోనూ, కొన్ని కంపెనీల పట్టికల్లోనూ ఉంది. ఒకే మనిషికి ఒక కంపెనీ 32 అనీ, మరొకటి 36 అనీ చెప్పడానికి ఇదే కారణం. అలాగే యూరప్ పద్ధతిలో 75 అని ఉంటే అది సెంటీమీటర్లలో కింది కొలత. అంగుళాల అంకెతో దానిని పోల్చి గాభరా పడకండి. అందుచేత సైజు పేరును కాకుండా మీ రెండు అంకెలనే గుర్తుపెట్టుకుని, కొనబోయే కంపెనీ పట్టికలో అవి ఎక్కడ పడతాయో చూడండి. స్మాల్, మీడియం, లార్జ్ అని మాత్రమే ఉన్నవాటిలో పట్టీకీ కప్పుకూ విడివిడి కొలత ఉండదు. కింద సన్నగా ఉండి రొమ్ములు నిండుగా ఉన్నవారికి అవి ఎప్పుడూ ఏదో ఒక చోట సరిపోవు.

పరుగుకు కొనేటప్పుడు వెనుక హుక్కులున్నవి, స్ట్రాపులు సవరించుకోగలిగినవి చూడండి. వీపు మధ్య కలిసే స్ట్రాపులు జారవు గాని, కొందరికి మెడ దగ్గర లాగినట్లు ఉంటుంది. వేసుకుని చూసి తేల్చుకోవలసిన విషయం అది. కొత్తగా ఉన్నప్పుడు చిట్టచివరి, అంటే అన్నిటికన్నా వదులైన హుక్కుకు పెట్టినప్పుడే పట్టీ సరిగ్గా ఉండాలి. ఎలాస్టిక్ సాగుతూ పోయేకొద్దీ లోపలి హుక్కులకు మారవచ్చు. కొత్తదే లోపలి హుక్కుకు పెట్టవలసి వస్తే ఆ సైజు మీది కాదు. ముందు జిప్పు ఉన్నవి తీయడానికి, వేసుకోవడానికి తేలిక. అయితే జిప్పు లోపల ఒక హుక్కు కూడా ఉన్నదే తీసుకోండి, లేకపోతే పరుగులో కిందికి జారుతుంది.

కొలతలు రాయండి, చూసి చెబుతాను. మగవాళ్లున్న దుకాణంలో ఈ మాటలన్నీ చెప్పడం కష్టమనిపిస్తే కాగితం మీద రాసి ఇవ్వండి. సిగ్గుపడి ఇచ్చింది తీసుకుంటే నష్టపోయేది మీరే.

జవాబు: పాత కాపు, జయపురం

మా కాలంలో ఇవేవీ లేవు. నేను వాలీబాల్ ఆడే రోజుల్లో ఒకదానిపై ఒకటి రెండు బ్రాలు వేసుకునేదానిని, లేదా దర్జీ చేత మందపాటి నూలు గుడ్డతో బిగుతైన బాడీ కుట్టించుకునేదానిని. అంత డబ్బు పెట్టలేనివారు ఆ విధంగా చేయవచ్చు.

జవాబు: నర్సు, సిరోంచ

నేను గడ్చిరోలి జిల్లా సిరోంచలో నర్సుగా పనిచేస్తున్నాను. మా వైపు తెలుగు అమ్మాయిలు మహారాష్ట్ర పోలీసు భర్తీ కోసం 800 మీటర్ల పరుగు సాధన చేస్తుంటారు. వారిలో కొందరు మా దగ్గరకు వచ్చేది కాలి నొప్పులతో కాదు, రొమ్ముల కింద పుండ్లతో.

జయపురం పెద్దమ్మ గారు చెప్పిన రెండు బ్రాల పద్ధతిని నేను పూర్తిగా కాదనను. కప్పులున్న మామూలు బ్రా సరైన కొలతలో ఉండి, దానిపై అదిమే రకం వేసుకుంటే కదలిక తగ్గుతుంది. మంచిది కొనేవరకు అలా గడపవచ్చు. అయితే మందపాటి నూలు గుడ్డతో కుట్టించిన బాడీని మాత్రం పరుగుకు వాడవద్దని గట్టిగా చెబుతాను. నూలు చెమటను పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. తడిసి బరువెక్కిన గుడ్డ చర్మాన్ని ఒరుసుకుంటూ ఉంటే పైపొర లేచిపోతుంది. మే నెలలో మా దగ్గర 45 డిగ్రీలు దాటే ఎండలోనూ, మీ తీరం వైపు గాలిలో ఉండే తేమలోనూ ఇది త్వరగా జరుగుతుంది. పాలియెస్టరు లేదా నైలాన్‌లో సాగే స్పాండెక్స్ కలిపి అల్లిన బట్ట చెమటను బయటి వైపుకు లాగి త్వరగా ఆరిపోతుంది. రోజువారీ వాడకానికి నూలు మంచిదే, నేనూ అదే వాడతాను. పరుగుకు మాత్రం కాదు.

మీకు పడిన ఎర్రటి చార పట్టీ ఒరుపు వల్ల వచ్చినదైతే, పరుగుకు ముందు ఆ గీత మీద పలుచగా వాసెలీన్ రాసుకుంటే తగ్గుతుంది. అలా కాకుండా రొమ్ము కింది మడతలో ఎర్రబారి, తడిగా, దురదగా ఉండి, వాసన వస్తుంటే అది చెమట నిలిచి, దాని మీద ఫంగస్ చేరడం వల్ల కావచ్చు. అటువంటప్పుడు దయచేసి మందుల దుకాణంలో దురద మందు అని అడిగి తెచ్చుకోవద్దు. అలా ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు హాయిగా అనిపించి, ఆ తరువాత ఫంగస్ మరింత పాకి, మొండిగా మారుతుంది. డాక్టరుకు చూపించి, స్టెరాయిడ్ లేని మందు వాడాలి. పరుగు ముగిసిన వెంటనే తడి బ్రా తీసేసి, మడతను కడిగి, మెత్తని గుడ్డతో అద్ది ఆరనివ్వడం ఏ మందు కన్నా ముఖ్యం. తడి బ్రాతోనే బస్సెక్కి ఇంటికి వచ్చి, వంట పని ముగించుకుని ఆ తరువాత స్నానం చేసేవారికే ఈ బాధ ఎక్కువగా చూస్తున్నాను.

మీ అమ్మగారి భయం గురించి: బ్రా వేసుకోవడం వల్లగాని, దాని బిగుతు వల్లగాని రొమ్ము కేన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదు. బిగుతైనది చర్మానికీ ఊపిరికీ ఇబ్బంది కలిగిస్తుంది, అంతవరకే. నెలసరికి ముందు కొన్ని రోజుల పాటు రొమ్ములు బరువుగా, తాకితే నొప్పిగా ఉండటం, కొంచెం ఉబ్బడం సహజం. ఆ రోజుల్లో కూడా ఒకసారి కొలిచి చూడండి, తేడా ఎక్కువైతే హుక్కులున్న బ్రా మీకు మరింత అవసరం. అయితే గడ్డ చేతికి తగిలినా, చనుమొన నుంచి రక్తం లేదా నీరు వచ్చినా, చర్మం లోపలికి గుంజుకున్నట్లు కనిపించినా, నొప్పి ఒకే చోట ఉండి నెలసరి తరువాత కూడా తగ్గకపోయినా అది బ్రాతో తీరే విషయం కాదు. వెంటనే వైద్యులకు చూపించాలి.

ఉతకడం గురించి కూడా ఒక మాట చెబుతాను, ఎందుకంటే మంచి ఎలాస్టిక్‌ను పాడుచేసేది ఎక్కువగా మన ఉతుకే. వేడినీళ్లు, బండకేసి బాదడం, మెలితిప్పి పిండటం, మండుటెండలో ఆరవేయడం, బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవాలు, ఇవన్నీ దాని ఆయుష్షును తగ్గిస్తాయి. ఆ ద్రవం బట్ట మీద పొరలా పేరుకుని చెమట పీల్చే గుణాన్ని కూడా పోగొడుతుంది. ప్రతి పరుగు తరువాత చల్లని నీళ్లలో తక్కువ సబ్బుతో ఉతికి, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరవేయండి. వానాకాలంలో ఒక్కటే ఉంటే ఆరదు గనుక రెండు ఉండటం అవసరం. సగం తడిగా ఉన్నదాన్ని ఎప్పుడూ వేసుకోవద్దు.

తనయాతీరం, పర్లాకిమిడి

అందరికీ ధన్యవాదాలు. అక్కగారు చెప్పినట్లు కొలుచుకున్నాను. కింది కొలత 31 అంగుళాలు, పై కొలత 36. వీపు వైపు చూసుకుంటే నా 36 బి పట్టీ నిజంగానే మెడ వైపు ఎక్కి ఉంది. పట్టీ కింద పిడికిలి సులభంగా దూరుతోంది. మరి నాది ఏ సైజు అవుతుంది? మా ఊళ్లో అడిగితే బి కప్పు దాటి ఏదీ లేదన్నారు. వారంలో ఒకసారి బరంపురం వచ్చే వీలుంది, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. నర్సు గారూ, చార ఒరుపు వల్ల వచ్చినదే అనిపిస్తోంది; దురద, వాసన లేవు.

జవాబు: లేడీస్ కార్నర్ అక్క, బరంపురం

అమ్మా, 31కి పై సరిసంఖ్య 32. పై కొలత 36లో 32 తీసేస్తే నాలుగు, కాబట్టి మీది 32 డి. డి అన్న అక్షరం చూసి కంగారు పడవద్దు. కప్పు అక్షరం ఒక్కటే పరిమాణం చెప్పదు. పట్టీతో కలిపి చూడాలి. 32 డి, 34 సి, 36 బి, ఈ మూడింటిలోనూ కప్పులో పట్టే పరిమాణం దాదాపు ఒక్కటే, మారేది పట్టీ. అందుకే మీకు ఇన్నాళ్లూ 36 బి కప్పులు సరిపోయినట్లు అనిపించాయి, పట్టీ మాత్రం నాలుగు అంగుళాలు ఎక్కువై ఏ పనీ చేయలేదు. దుకాణదారుడు కప్పు సరిపోయేది ఇచ్చి పంపాడు. తన దగ్గరున్న సరుకులో అతనికి అంతకన్నా మార్గం కూడా లేదు.

32 డి దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే 34 సి వరకు సర్దుకోవచ్చు, అంతకు మించి వద్దు. 34 సి తీసుకుంటే మొదటి రోజు నుంచే లోపలి హుక్కుకు పెట్టవలసి వస్తుంది గనుక త్వరగా వదులవుతుంది. అప్పుడు మంచి దర్జీ చేత రెండు పక్కలా, కప్పు అంచుకు దూరంగా, సమానంగా పట్టీని లోపలికి కుట్టించుకోండి. ఒక పక్కనే కుట్టిస్తే కప్పులు వంకరపోతాయి. ఆన్‌లైన్‌లో అయితే డబ్బు చెల్లించకముందే లోదుస్తులు వెనక్కి తీసుకుంటారో లేదో చదవండి. చాలాచోట్ల తీసుకోరు, తీసుకునేచోట కూడా లేబుల్ తెంపకూడదు. నా సలహా ఏమిటంటే, మొదటిది వేసుకుని చూసే గది ఉన్న దుకాణంలో కొనండి. అది నచ్చితే రెండోది అదే కంపెనీ, అదే రకం ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

జవాబు: ఆటల టీచరు, గుణుపురం

బరంపురం అక్కగారి లెక్కకు ఒక్క మాట చేరుస్తాను. కొత్త బ్రాను పరీక్ష రోజున మొదటిసారి వేసుకోవద్దు. కనీసం రెండు వారాల ముందు నుంచి దానితోనే సాధన చేసి, పరీక్ష నాడు వేసుకోబోయే టీషర్టుతో పూర్తి దూరం పరుగెత్తి చూడండి. ఒరుపు ఎక్కడుందో సగం దూరంలో బయటపడదు. చివరి చుట్టులో, చెమటతో బట్ట తడిసిన తరువాతే తెలుస్తుంది. ఎనిమిదిన్నర నిమిషాలను 400 మీటర్ల చుట్లు నాలుగింటికి పంచితే చుట్టుకు రెండు నిమిషాల ఏడున్నర సెకన్లు వస్తాయి. ప్రతి చుట్టు సమయమూ రాసుకుంటే పాత బ్రాతో, కొత్త బ్రాతో మూడో చుట్టు ఎంత మారిందో మీకే కనిపిస్తుంది.

ప్రశ్న: చిన్నారి తల్లి, రాయగడ

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నాకు ఎనిమిది నెలల పాప ఉంది, ఇంకా పాలిస్తున్నాను. ఉదయం పూట నెమ్మదిగా పరుగెత్తడం మొదలుపెట్టాలని ఉంది. ఈ సలహాలు నాకూ వర్తిస్తాయా?

జవాబు: నర్సు, సిరోంచ

చాలావరకు వర్తిస్తాయి తల్లీ, కొన్ని మార్పులతో. అదిమిపెట్టే రకం మీకు వద్దు. పాలు నిలిచిపోయి, రొమ్ము గట్టిపడి, వాపుతో జ్వరం వచ్చే ప్రమాదం ఉంది. విడి కప్పులున్నది, వెనుక హుక్కులు ఎక్కువ వరుసలున్నది తీసుకోండి. పాపకు పాలిచ్చిన వెంటనే పరుగుకు వెళ్లండి, రొమ్ములు తేలికగా ఉంటాయి. పాలిచ్చే కాలంలో పరిమాణం మారుతూ ఉంటుంది గనుక, పరుగుకు వెళ్లే వేళలోనే, అంటే పాలిచ్చిన తరువాత కొలుచుకోండి. ఇంటికి రాగానే ఆ బ్రా తీసేసి వదులైనది వేసుకోండి. రొమ్ము ఒకచోట ఎర్రబడి వేడిగా, గట్టిగా అనిపిస్తే పరుగు ఆపి, పాలివ్వడం మాత్రం ఆపకుండా డాక్టరును కలవండి.